నలభై దాటాక కుండలు చేయడం నేర్చుకోవచ్చా? వీకెండ్ వర్క్‌షాపులు నమ్మొచ్చా?

తులసికోట
పోయిన నెల ఒక వీకెండ్ వర్క్‌షాపుకి వెళ్లాను. హైదరాబాదులోనే, పేరు వద్దులెండి. మూడు గంటలకి రెండు వేలు. చక్రం ముందు కూర్చోబెట్టారు, మట్టి ముద్ద వాళ్లే పెట్టారు, నా చేతుల మీద చేతులు వేసి గిన్నె కూడా వాళ్లే లాగారు. నేను మధ్యలో ఉన్నానంతే. కాల్చి ఇవ్వడానికి నెల పడుతుందన్నారు. నిన్న వెళ్లి తెచ్చుకుంటే అడుగున ఇంగ్లీషు ఎస్ ఆకారంలో పగులు. అడిగితే "హ్యాండ్‌మేడ్ కదా మేడమ్, అదే దాని అందం" అని నవ్వేశారు.

ఇప్పుడు వాళ్లే ఎనిమిది క్లాసుల కోర్సు పద్నాలుగు వేలంటున్నారు. మట్టి చేతికి అంటినంతసేపూ ఫోను గుర్తు రాలేదు, అది మాత్రం నిజం. వయసు 43. చిన్నప్పుడు బొమ్మలు గీసిన చరిత్ర కూడా లేదు. ఈ వయసులో మొదలుపెట్టి నిజంగా నేర్చుకున్నవాళ్లు ఉన్నారా? డబ్బు కట్టొచ్చా? మా ఆయన "ఆ డబ్బుతో మోండా మార్కెట్లో వంద కుండలొస్తాయి" అంటున్నారు. ఆ సలహా మళ్లీ ఎవరూ ఇవ్వక్కర్లేదు.

బెజవాడ_బుజ్జి
ఆ వంద కుండలూ మీ ఫ్లాట్లో ఎక్కడ పెడతారో కూడా ఆయన్నే అడగండి.

మునగచెట్టు
వర్క్‌షాపు అంటే ఫొటో దిగడానికి. నేర్చుకోవడానికి కోర్సు. రెండూ ఒకటే అనుకుని వెళ్తే ఇలాగే ఉంటుంది. నేనూ మా అమ్మాయీ వెళ్లాం, ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి, కప్పు మాత్రం ఎవరిదో ఇచ్చారు.

కొలిమి
ఎస్ పగులు అందం కాదండీ, పనిలో లోపం. గిన్నె గోడల్ని పైకి లాగేటప్పుడు అక్కడి మట్టి వేళ్ల మధ్య నలిగి గట్టిపడుతుంది. అడుగు మట్టిని ఎవరూ నొక్కరు, అది పక్కలకి సాగి వదులుగా ఉండిపోతుంది. పైగా కొత్తవాళ్లు పోసిన నీళ్లన్నీ లోపల అడుగునే నిలుస్తాయి. ఆరేటప్పుడు అంచు ముందు ఆరి బిగుస్తుంది, అడుగు తర్వాత కుంచించుకుంటుంది, పోవడానికి దారి లేక చీలుతుంది. చక్రం తిరుగుతుండగానే అడుగుని వేళ్లతోనో చెక్కతోనో మధ్య నుంచి అంచుకీ, అంచు నుంచి మధ్యకీ నాలుగుసార్లు గట్టిగా నొక్కాలి. స్పాంజితో నీళ్లు తీసేయాలి. ఆరబెట్టేటప్పుడు అంచు మీద పాలిథిన్ కప్పాలి, కాస్త గట్టిపడగానే బోర్లించాలి. చేయించింది వాళ్లే కాబట్టి ఈ పని కూడా వాళ్లే చేయాల్సింది.

కోర్సుకి డబ్బు కట్టేముందు అడగండి: ఒక చక్రానికి ఎంతమంది? క్లాసు కాని రోజుల్లో వచ్చి సాధన చేసుకోనిస్తారా? కాల్చే ఖర్చు ఫీజులోనే ఉందా, తూకం లెక్కన మళ్లీ తీసుకుంటారా? మట్టి ఏది, ఎంత వేడిలో కాలుస్తారు? ఆఖరి ప్రశ్నకి "బాగా హై టెంపరేచర్ మేడమ్" అంటే బయటికొచ్చేయండి. స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో కాల్చే గట్టి రకం) అయితే 1220 డిగ్రీలో, 1240 డిగ్రీలో, నంబరు చెప్పగలగాలి.

నేను మొదలుపెట్టింది 39లో, వైజాగులో. వయసు అడ్డమేం కాదు. సాధనకి చక్రం దొరకడమే కష్టం.

చలిదేశం_చందు
కొలిమి గారు చెప్పిన ఆ సాధన టైమే అసలు సంగతి. మా న్యూజెర్సీలో కమ్యూనిటీ స్టూడియోలు నెలవారీ మెంబర్‌షిప్ మీద నడుస్తాయి. నూట యాభై డాలర్ల పైనే, చవకేం కాదు. కానీ తాళం మన చేతికిస్తారు, ఒక అర ఇస్తారు, రాత్రి పదింటికైనా వెళ్లి కూర్చోవచ్చు. నాకు క్లాసులో అబ్బిందంటూ ఏమీ లేదు. ఒక్కణ్ణీ కూర్చుని పాడుచేసుకుంటూ పోతేనే సెంటరింగ్ దొరికింది. వారానికోసారి క్లాసుకెళ్లి మధ్యలో చక్రం ముట్టుకోకపోతే ఎనిమిదో క్లాసులో కూడా మొదటి క్లాసులోనే ఉంటారు.

మునగచెట్టు
సెంటరింగ్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం చెప్పండి బ్రో.

చలిదేశం_చందు
ముద్ద చక్రం మీద సరిగ్గా నడిమధ్యన, ఊగకుండా తిరగాలి. అది కుదరకపోతే తర్వాత ఏం చేసినా వంకరే. అందరూ చేతి బలంతో తోస్తారు. బలం అక్కర్లేదు. మోచేతుల్ని తొడలకో పొత్తికడుపుకో ఆనించి చేతుల్ని కదలకుండా బిగపట్టాలి. మట్టే తిరిగి తిరిగి మీ చేతులకి తగ్గట్టు సర్దుకుంటుంది. మా స్టూడియోలో డెబ్బై దాటిన ఒకావిడ నాకన్నా పెద్ద ముద్దని నాకన్నా తొందరగా నిలబెడుతుంది. జిమ్ముకెళ్లే కుర్రాళ్లు పక్కన చెమటలు కక్కుతుంటారు.

సారెకర్ర
ఈ ముచ్చట చదువుతుంటే నవ్వొస్తుంది, కొంచెం కడుపుల మండుతుంది కూడా. మాది జనగామ దిక్కు. మేం కుమ్మరోళ్లం. నేను బ్యాంకుల చేస్త, మా నాయిన ఇప్పటికీ సారె తిప్పుతడు. ఎండకాలం రంజన్లు, ఆషాఢంల బోనాల కుండలు, పెండ్లిళ్లకు ఐరేని కుండలు, దీపావళికి దీపంతలు. పెద్ద రంజన్ రెండు వందల యాభైకి అమ్మితే బేరం చేసి రెండు వందలకు కొంచవోతరు. మీరు మూడు గంటలు కూసుని పగిలిన గిన్నెకు రెండు వేలు కట్టిన్రు.

బడిల నన్ను కులం పేరు పెట్టి "ఏయ్ కుండ" అని పిలిచెటోళ్లు. గా పిలిచినోళ్లలో ఒకడు ఇప్పుడు కొండాపూర్ల ఏప్రాన్ కట్టుకుని చక్రం ముందు కూసుని ఫొటో పెట్టిండు, కింద "మై థెరపీ" అని. లైక్ కొట్టిన. ఏం చేస్త మరి.

తులసికోట
సారెకర్ర అన్నా, మీ మాట గట్టిగానే తగిలింది. రెండు వేలు నేను మట్టికి కట్టలేదు, ఏసీకి, పార్కింగుకి, ఆ మూడు గంటలు ఇంట్లో ఎవరూ పిలవకుండా ఉన్నందుకూ కట్టాను. మీ నాన్నగారి దగ్గర నేర్చుకునే వీలుంటే అక్కడే కట్టేదాన్ని.

బెజవాడ_బుజ్జి
"ఇంట్లో ఎవరూ పిలవకుండా" అన్నదానికి రెండు వేలు చాలా చవక అక్కా.

కొలిమి
సారెకర్ర గారి కోపంలో న్యాయముంది. ఒక్క మాట మాత్రం పక్కన పెడదాం: రెండు పనులూ ఒకటి కావు. స్టూడియోలో చేసేది ఎక్కువగా స్టోన్‌వేర్. ముందు తొమ్మిది వందల యాభై, వెయ్యి డిగ్రీల దగ్గర ఒకసారి కాల్చి, గ్లేజు (కాలితే గాజులా మారే పూత) పూసి మళ్లీ 1200 పైన కాలుస్తారు. మట్టి గట్టిగా బిగిసిపోతుంది, నీరు పీల్చదు. మైక్రోవేవ్‌లో పెట్టే కాఫీ కప్పు అది. మీ నాన్నగారి రంజన్ తక్కువ వేడిలో కాలి, సన్న రంధ్రాలతో ఉండాలి. నీరు చెమర్చి ఆవిరైతేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. దాన్ని 1200లో పెడితే కరిగి కూలిపోతుంది. ఆ రెండుసార్ల కరెంటు ఖర్చు కూడా ఉంటుంది.

సారెకర్ర
కరెంటు సంగతి తెలుసు కొలిమన్నా. మా ఆవంల కట్టె, పిడకలు, గడ్డి. అవి కూడా ఇప్పుడు ఊకె దొరకవు, మట్టి కూడా అంతే. చెరువుల మట్టి తీసుకోనియ్యరు, తీసుకున్నా ట్రాక్టరు కిరాయి. నా మాట ఒక్కటే: పని గొప్పదైతే చేసెటోళ్లను కూడా గంతే చూడుండ్రి.

నేర్చుకునుడు గురించి అడిగింది కదా అక్క. మా దగ్గర చక్రం మీద కుండ పూర్తిగ తయారు కాదు. సారె మీద మూతి, మెడ, దళసరి గోడ మాత్రమే వస్తది. దారంతోని కోస్తే అడుగు ఖాళీగ ఉంటది. కొంచెం ఆరినంక లోపల గుండ్రటి రాయి పెట్టి, బయట చెక్కతోని కొట్టుకుంట కొట్టుకుంట అడుగు మూస్తరు, గోడ పల్చగ చేస్తరు. అంటకుండ బూడిద చల్లుతరు. అసలు పనితనం గా కొట్టుడుల ఉంటది. మా అమ్మకు వచ్చినట్టు మా నాయినకు రాదు. స్టూడియోల ఇది ఎవరు నేర్పరు.

అనంత_సీమ
"కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అని మా జేజి ఊరికే అనేది కాదన్నమాట. కుమ్మరికి ఏడాది పని, కట్టెకి ఒక్క దెబ్బ. ఇక్కడ కట్టెతోనే కుండ అవుతాదంట!

నా డౌటు. మా చేన్లో నల్లరేగడి కావాల్సినంత ఉండాది. దాంతో చేసుకోవచ్చా? కొనేదెందుకు?

కొలిమి
వద్దండీ. నల్లరేగడి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరితే విపరీతంగా కుంచించుకుంటుంది. ఎండాకాలం మీ చేను ఎలా నెర్రెలు విచ్చుతుందో కుండా అలాగే విచ్చుతుంది. చెరువు అడుగున పేరుకున్న మెత్తటి ఒండ్రు మేలు. పరీక్ష తేలిక: తడిపి వేలి లావు తాడులా చుట్టి, వేలికి ఉంగరంలా వంచండి. చీలకుండా వంగితే పనికొస్తుంది. చీలితే ఇసక ఎక్కువ. మరీ జిగురుగా ఉండి ఆరాక పగిలితే కాస్త సన్న ఇసక కలపాలి.

సారెకర్ర
కరెక్టు. మా నాయిన నోట్ల ఏస్కుని చూస్తడు, పండ్ల కింద ఇసుక ఎంత తగుల్తదో. గది మీరు చెయ్యకుండ్రి.

నిమ్మకాయ_కారం
అక్కా, నా మాట వినండి. చక్రం మానేయండి, కనీసం మొదటి ఆరు నెలలు. అందరికీ సినిమాలో చూపించినట్టు చక్రమే కావాలి. చేత్తో చేసే పద్ధతులు మూడున్నాయి: ముద్దలోకి బొటనవేలు దించి నొక్కుతూ గిన్నె చేయడం, మట్టి తాళ్లు చుట్టి పేర్చడం, చపాతీలా ఒత్తి కోసి అతికించడం. చక్రం అక్కర్లేదు, వంటింటి బల్ల చాలు. నేను ఒక్కసారి కూడా చక్రం ఎక్కకుండా ఇంట్లో మొక్కల తొట్లన్నీ నేనే చేసుకున్నా. అతికించే చోట రెండు వైపులా ఫోర్కుతో గీతలు గీసి, పలచని మట్టి గంజి పూసి నొక్కాలి. నున్నగా ఉన్నదాన్ని నున్నగా ఉన్నదానికి అతికిస్తే ఆరగానే చేతిలోకొస్తుంది.

మునగచెట్టు
చేత్తో చేస్తే మట్టిలో గాలి ఉండిపోయి బట్టీలో పేలిపోతుంది కదా? మాకు క్లాసులో అదే చెప్పి భయపెట్టారు.

కొలిమి
ఇది ప్రతి స్టూడియోలో చెప్పే కథ. పేల్చేది గాలి కాదు, తడి. పైకి ఆరినట్టు కనిపించినా దళసరి చోట లోపల నీరుంటుంది. వంద డిగ్రీలు దాటగానే అది ఆవిరై, బయటికి పోయే దారిలేక గోడని పగలగొడుతుంది. గాలి బుడగ చుట్టూ మట్టి తడిగా ఉంటే అక్కడ పగులుతుంది, అందుకే నింద బుడగ మీద పడింది. బాగా ఆరిన కుండలో బుడగలున్నా ఏమీ కాదు. చెంపకి ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

మునగచెట్టు
మరి మట్టి అంతసేపు పిసకమనేది దేనికి? ఊరికే చేయించారా మాతో?

చలిదేశం_చందు
పిసకాల్సిందే. మట్టి అంతా ఒకే మెత్తదనానికి రావాలి. ఒక చోట గట్టిగా, ఒక చోట మెత్తగా ఉంటే చక్రం మీద నిలవదు. బుడగ తగిలితే గోడ లాగేటప్పుడు చెయ్యి గెంతుతుంది కూడా. పేలుడుతో సంబంధం లేదంతే. బుడగల సంగతిలో కొలిమి గారితో నాకు పూర్తి ఒప్పందమేం లేదు, పెద్ద బుడగ గోడని బలహీనం చేస్తుంది. అయినా పేలే రకం కాదు.

సారెకర్ర
మా నాయిన ఆవం పెట్టే దినం పొద్దుగాల కుండలన్నీ ఎండల పెడ్తడు. మంట కూడా మొదట్ల ఊకె పొగ తీరు, సన్నగ. తొందరపడితే అన్నీ ఠప్ ఠప్.

రిటైర్డ్_మాస్టారు
నాకు అరవై నాలుగు. ఇంట్లో ఓవెను ఉంది. ఆన్‌లైనులో "ఎయిర్ డ్రై క్లే" అని తెప్పించి మనవరాలితో ఒక చెంబు చేశాను. ఓవెనులో 230 డిగ్రీల దగ్గర రెండు గంటలు పెట్టాను. నీళ్లు పోస్తే కరిగింది. మోసమా, నా తప్పా?

కొలిమి
రెండూ కాదు మాస్టారూ. మట్టి కుండగా మారాలంటే దానిలో అణువులతో కలిసి ఉన్న నీరు పోవాలి. ఆ మార్పు ఐదారు వందల డిగ్రీల దగ్గర జరుగుతుంది, ఒకసారి జరిగితే మళ్లీ మట్టి కాదు. ఇంటి ఓవెను రెండు వందల యాభైకి ఆగిపోతుంది. మీరు చేసింది వేడిగా ఉన్న మట్టి, అంతే. బొమ్మలు, పెన్నుల డబ్బాలకి అది బాగుంటుంది. నీళ్లకీ తిండికీ పనికిరాదు.

రిటైర్డ్_మాస్టారు
మనవరాలికి ఇదే చెప్పాను, కాస్త తక్కువ మాటల్లో. నా అసలు ప్రశ్న వేళ్ల కీళ్ల గురించి. పొద్దున బిగుసుకుంటాయి. చక్రం పనికి వెళ్లొచ్చా?

చలిదేశం_చందు
చేతి పనితో మొదలుపెట్టండి సార్, నిమ్మకాయ గారు చెప్పినట్టు. మెత్తగా ఉండే మట్టి అడగండి, చిన్న ముద్దలు తీసుకోండి. చక్రం మీద ఎక్కువ భారం బొటనవేళ్ల మీద, మణికట్టు మీద పడుతుంది. మట్టి పిసకడం అంతకన్నా. నొప్పి పెరిగితే ఆపేసి డాక్టరుని అడగండి, మట్టితో పంతం వద్దు.

బెజవాడ_బుజ్జి
ఇల్లు పాడవదా అసలు? మా ఆవిడ నా షూ మీద దుమ్ము కూడా ఒప్పుకోదు.

నిమ్మకాయ_కారం
ఇది అందరూ చదవాలి. మట్టి చేతులు సింకులో కడగొద్దు. నేల మీది మట్టి బాత్రూం జాలీలోకి తోయొద్దు. మా కింది ఫ్లాటువాళ్ల గొట్టం పూడుకుపోయి అసోసియేషన్ మీటింగులో అరగంట నా గురించే నడిచింది. రెండు బకెట్లు పెట్టుకోండి. మొదటి దాంట్లో కడగండి, రాత్రంతా వదిలేస్తే మట్టి కిందికి దిగుతుంది, పైన తేరిన నీళ్లు మొక్కలకి పోయండి, అడుగుది మళ్లీ వాడుకోండి. మిగిలిన ముక్కల్ని పూర్తిగా ఎండనిచ్చాకే నానబెట్టండి. సగం తడిగా ఉన్నది ఎంత నానినా ముద్దగానే ఉంటుంది, పూర్తిగా ఎండింది నీళ్లలో వేయగానే విచ్చుకుంటుంది.

కొలిమి
దానికి ఒకటి కలుపుతాను, ఇది సరదా మాట కాదు. ఎండిన మట్టిని చీపురుతో ఊడవొద్దు. ఎండిన కుండని గరుకు కాగితంతో రుద్దొద్దు. ఆ దుమ్ములో సన్నటి సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వస్తుంది. తడిగుడ్డతో తుడవడమే. గ్లేజు పొడి కలిపేటప్పుడు ఎన్95 మాస్కు. పిల్లలు పడుకునే గదిలో ఈ పని పెట్టుకోవద్దు.

గ్లేజు అన్నాను కాబట్టి: తినే గిన్నెకి ఏ గ్లేజు వాడారో కచ్చితంగా అడగండి. సీసం ఉన్నవి తిండికి వద్దే వద్దు. మనం పోసేది చింతపండు పులుసు, పెరుగు, నిమ్మరసం. పులుపు గ్లేజులో ఉన్నదాన్ని లాగుతుంది. ఒక నిమ్మచెక్క రాత్రంతా గ్లేజు మీద పెట్టి చూడండి. రంగు మారితే దాన్ని పెన్నులకి వాడుకోండి. మారకపోయినా సీసం లేదని అర్థం కాదు, అది ల్యాబులోనే తేలుతుంది.

తులసికోట
ఇంత చెప్పాక ఇక ఎవరూ నేర్చుకోరు కొలిమి గారూ.

నిన్న ఆ నాలుగు ప్రశ్నలూ ఫోను చేసి అడిగాను. చక్రానికి ఇద్దరు. సాధన టైము లేదు. కాల్చడం కిలో లెక్కన వేరే. డిగ్రీలు "సర్‌ని అడిగి చెప్తాం". కట్టడం లేదు. వేరే చోట కనుక్కున్నా, అక్కడ చేత్తో చేసే పని మొదలు, చక్రం తర్వాత. నెలంతా వచ్చి కూర్చోవచ్చట. 1222 డిగ్రీలు అని తడుముకోకుండా చెప్పింది అక్కడి అమ్మాయి. ఫీజు కాస్త ఎక్కువే.

ఒక డౌటు: నా గిన్నె చేసినప్పుడు పెద్దదిగా ఉండి, వచ్చాక చిన్నదైందేంటి?

కొలిమి
తడి ముద్ద నుంచి రెండో కాల్పు దాకా మట్టి పన్నెండు శాతం దాకా తగ్గుతుంది, పొడవులోనూ వెడల్పులోనూ ఎత్తులోనూ. మూడు వైపులా తగ్గితే లోపల పట్టేది దాదాపు మూడో వంతు పోతుంది. మూడు వందల మిల్లీలీటర్లకి చేస్తే రెండు వందలు మిగులుతుంది. కాఫీ కప్పు అనుకుని చేస్తే ఇరానీ చాయ్ కప్పు చేతికొస్తుంది.

అనంత_సీమ
సొంతంగా బట్టీ కొంటే? ఎవరైనా కొన్నారా?

చలిదేశం_చందు
చేసింది పంచిపెట్టడానికి చుట్టాలు అయిపోయాక ఆలోచించండి. చక్రం ఇంట్లో పెట్టుకోవచ్చు, పాతది దొరికితే ఇంకా మేలు. బట్టీకి మాత్రం వేరే కరెంటు లైను, గాలి ఆడే షెడ్డు, ఒప్పుకునే ఇంటి ఓనరు, ఈ మూడూ కావాలి. మూడోది దొరకదు. స్టూడియోకి పచ్చి కుండలు తీసుకెళ్లి డబ్బిచ్చి కాల్పించుకోవడమే నయం. ముందే అడిగి వాళ్లు కాల్చే వేడికి తగ్గ మట్టే కొనండి. తక్కువ వేడి మట్టి తీసుకెళ్లి వాళ్ల బట్టీ అరల మీద కరిగిస్తే మళ్లీ రానివ్వరు.

మునగచెట్టు
ఉద్యోగం మానేసి పుదుచ్చేరి వెళ్లి నేర్చుకుందామని ఉంది నాకు. అక్కడ 1971లో ఒక అమెరికన్ జంట మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ ఉందిగా, మన దేశంలో స్టూడియో కుమ్మరులు చాలామంది ఆ దారినే వచ్చారంటారు.

బెజవాడ_బుజ్జి
ముందు మీ కప్పు మీకు తిరిగి రానివ్వండి.

సారెకర్ర
నిన్న మా నాయినకు ఈ ముచ్చటంతా చదివి వినిపించిన. డిగ్రీల దగ్గర నిద్రపోయిండు. లేచినంక అడిగిండు, "గా ఆమెను రమ్మను, కొట్టుడు మీ అమ్మ చూపిస్తది" అని. అమ్మ వెంటనే "ఊకెనా?" అన్నది. కాబట్టి ఫీజు ఉంటది, అమ్మ చెప్పినంత. ఆదివారాలు రావచ్చు, నలుగురికన్న ఎక్కువ వద్దు, ఏసీ లేదు, నేల మీద కూసోవాలె. మోకాళ్లు నొప్పులున్నోళ్లు మాస్టారు లెక్క ముందే చెప్పుండ్రి, పీట ఏపిస్త. ఆషాఢంల మాత్రం ఎవరూ రావద్దు, బోనాల పని నడుస్తది, ఇంట్ల నాతోనే మాట్లాడరు.

తులసికోట
నా పేరు మొదట రాసుకోండి అన్నా. అమ్మగారి ఫీజు ఎంతో కనుక్కోండి, బేరం ఆడను.

రిటైర్డ్_మాస్టారు
రెండోది నాది. ఆ నొప్పి మోకాళ్లకి కాదు నాయనా, వేళ్లకి. అయినా పీట వేయించండి.

నిమ్మకాయ_కారం
మూడు. గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలు ఇంట్లో పెట్టి రండి అందరూ.

బెజవాడ_బుజ్జి
భోజనం ఉంటుందంటే నాలుగోది నేను.

సారెకర్ర
ఉంటది. గిన్నె కడుగుడు నీదే.